బేసి వైపు సోమవారం, సరి వైపు బుధవారం

సెప్టెంబరు రెండో వారంలో నా నోటుబుక్కులో రాసుకున్న పనులు ఇవి:

కెనంగా కాలనీలో ఒకటో వీధి నుంచి ఆరో వీధి వరకు ప్రతి గేటుకూ నోటీసు అంటించాలి. నాలుగు భాషల్లోనూ.
చెట్లకు బోర్డులు కట్టించాలి. బేసి నంబర్ల ఇళ్ల వైపు సోమవారం, సరి నంబర్ల వైపు బుధవారం, ఉదయం ఏడున్నర నుంచి పదకొండు వరకు కార్లు ఉండకూడదు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, పోయినసారి ఎవరికీ కనబడలేదన్నారు.
నాలుగో వీధి చివర మూసుకుపోయిన కాలువకు ఫోటో.
రాసమ్మ అక్కకు కొత్త బూట్లు. ఆమె పాదం చిన్నది, మగవాళ్ల సైజు తేవద్దని చెప్పాలి.
తొమ్మిదో నంబరు ఇంటివాళ్లతో మాట్లాడాలి. మూడు కార్లు.
వదిలేసిన బండ్ల జాబితా పూర్తి చేసి పంపాలి.
నాలుగో వీధిలో అంగ్సానా చెట్టు కింద మెరూన్ రంగు సాగా కారు. ఎవరిదో కనుక్కోవాలి.

చివరిది తప్ప అన్నిటికీ ఆ వారంలోనే టిక్కు పెట్టేశాను.

నా పేరు అబిగెయిల్. నగరం తరఫున వీధులు ఊడ్పించే ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. నాన్న ఆల్బర్ట్ లారీ నడుపుతారు, అమ్మ మాగ్డలీన్ ఒక బడి క్యాంటీన్‌లో వంట చేస్తుంది. పర్యావరణ ఆరోగ్యంలో డిగ్రీ అంటే డాక్టరుకు ఒక్క మెట్టు తక్కువ అని అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది. ఉద్యోగం ఏమిటో తెలిశాక మాత్రం, "ఆఫీసులో కూర్చుంటావు గదా?" అని అడిగింది. కూర్చుంటానన్నాను. ఆఫీసులో నాకు కుర్చీ ఉన్న మాట నిజం. శుక్రవారం మధ్యాహ్నం దాంట్లో కూర్చుంటాను.

పని దగ్గరవుతుందని ఆ కాలనీలోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. అదే ఇంట్లో ఇంకో ముగ్గురు అమ్మాయిలు ఉంటారు. ఎవరి అన్నం వాళ్లం ఎవరి గదిలో వాళ్లం తింటాం. ఫ్రిజ్‌లో ఎవరి అర వారిది, పేర్లు అంటించి ఉంటాయి. గొడవలేమీ లేవు. రోజంతా నేను మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం, కారు తీయండి, కారు తీస్తారా, దయచేసి కారు తీయండి. మలయ్‌లో, ఇంగ్లీషులో, తమిళంలో.

అక్టోబరు చివర పెద్ద వానలు మొదలవుతాయి. దానికి ముందు ఎండలకు చెట్లన్నీ ఆకులు దులుపుకుంటాయి, ఆ ఆకులు కాలువల్లో పడి కూర్చుంటాయి. పోయిన ఏడాది నాలుగో వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. అందుకే ఈ ఏడాది ఆరు వారాల పాటు ఈ పద్ధతి పెట్టారు. ఊడ్చే లారీ గుండ్రటి బ్రష్షులు తిప్పుకుంటూ అంచు వెంబడే పోతుంది. దారిలో ఒక్క కారున్నా ఆగిపోతుంది. మూలల్లో మిగిలినది రాసమ్మ అక్క ఈనెల చీపురుతో లాగుతుంది.

మెరూన్ సాగాను మొదటిసారి చూసినప్పుడు అది వదిలేసిన బండే అనుకున్నాను. వెనక చక్రంలో గాలి తక్కువ. కింద రెండు వేళ్ల మందాన ఆకులు, ఎండిన పసుపు పూలు. అద్దం మీది రోడ్ టాక్స్ కాగితం ఎండకు వెలిసి తెల్లబడింది. నంబరు ప్లేటు పేరాక్ రాష్ట్రానిది. ఫోటో తీసి జాబితాలో ఎక్కించాను. జాబితాలో ఐదు గడులు ఉంటాయి. చివరి గడి: లోపల ఎవరైనా ఉంటున్నారా? నేను వెళ్లిన మధ్యాహ్నం ఎవరూ కనబడలేదు కాబట్టి ఖాళీగా వదిలేశాను.

తర్వాతి సోమవారం ఉదయం ఏడింటికి వెళ్తే, డ్రైవరు సీట్లో ఒక పెద్దాయన అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నారు. తెల్లచొక్కా, మెడ దాకా బొత్తాలు. బోర్డు చూపించి మలయ్‌లో కారు తీయమన్నాను. ఒక్క నిమిషం అని మలయ్‌లోనే అన్నారు. తాళం తిప్పారు. టక్కుమంది, అంతే. ఇంకోసారి తిప్పారు.

"ఏటైనాదే నీకు, పొద్దున్నే?" అన్నారు కారుతో, తెలుగులో.

మా అవ్వ పోయి మూడేళ్లు. ఆమె గ్యాసు పొయ్యితోనూ, కోడితోనూ అలాగే మాట్లాడేది. నాన్నకు తెలుగు అర్థమవుతుంది కానీ తమిళంలోనే జవాబిస్తారు. తమ్ముడు గావిన్‌కు అర్థం కావడం కూడా తగ్గిపోయింది. అవ్వ పక్కన కూర్చుని బైబిలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను గనుక నేను రాయగలను. మాట్లాడదామంటేనే మనుషులు లేరు.

"తాతా, తొయ్యనా?" అన్నాను.

ఆయన దువ్వెన జేబులో పెట్టుకుని నా వైపు చూశారు. "మన పిల్లవా నువ్వు?"

"అవును."

"ఏ తోట?"

మా వాళ్లు కలిస్తే అడిగేది అదే. ఊరు కాదు, ఇల్లు కాదు. ఏ రబ్బరు తోట అని అడుగుతారు. తోట చెబితే తాత ఎవరో, గుడో చర్చో, ఎవరికి ఏమవుతామో అన్నీ దాని వెనకే వస్తాయి.

"మా అవ్వవాళ్లది సుంగై సిపుట్ దగ్గర."

"మాదీ అటే. తోటలో మూడో డివిజన్. వెంకటసామి అంటే లారీ వెంకటసామి అని సెప్తారు, ఎవులినైనా అడుగు." నా మెడలోని గుర్తింపు కార్డు చూశారు. "ఏటి పని నీది?"

"వీధులు ఊడ్పిస్తాను తాతా. డిగ్రీ సదివినాను."

"డిగ్రీ సదివి సీపురు పట్టినావా?"

"నేను పట్టను. పట్టేవాళ్లని సూస్తాను."

"మా కంగాణీ కూడా అదే మాట అనీవోడు," అన్నారు. కంగాణీ అంటే తోటలో కూలీల మీద అజమాయిషీ చేసేవాడు. అవ్వ చెప్పిన కథల్లో కంగాణీని మెచ్చుకున్న కథ ఒక్కటీ లేదు. నాకు నవ్వొచ్చింది.

ఏడూ ఐదుకు ఎదురుగా తొమ్మిదో నంబరు వాళ్ల మూడు కార్లలో రెండు ఆఫీసులకు పోయాయి. వాళ్లది బేసి ఇల్లే అయినా కార్లు సరి వైపున పెడతారు, ఎందుకని అడిగితే అక్కడ నీడ ఉంటుందంటారు. ఆ ఖాళీలోకి తోశాం. ఆయన తలుపు తెరిచి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని భుజంతో నెట్టారు, నేను వెనక నుంచి. రోడ్డు దాటడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కారు తప్పు దిక్కుకు మొహం పెట్టి ఆగింది. అది వేరే రూలు. దాని గురించి నేనేమీ రాయలేదు.

కారు జరిగాక చెట్టు కింద పొడుగు పలకలాగా ఆకుల మేట బయటపడింది. ఆయన దాన్ని చూసి సిగ్గుపడ్డారు. "ఇంత సెత్తలోనా..." అని ఆగిపోయారు. డిక్కీ తీసి ఒక పొట్టి ఈనెల చీపురు బయటకు తీశారు. రాసమ్మ అక్క వద్దంటున్నా వినకుండా అదంతా ఊడ్చి, కుప్ప చేసి, ఆమె తోపుడు డబ్బాలో ఎత్తారు.

"తాతా, నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నావా?" అంది రాసమ్మ అక్క. ఆమెది తమిళం, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

డిక్కీ తెరిచినప్పుడు చూడకూడదనుకుంటూనే చూశాను. మడత పెట్టిన దుప్పటి. టిఫిన్ క్యారియర్. మగ్గులో పళ్ల బ్రష్షు. వెనక సీటు కిటికీలకు అడ్డంగా కట్టిన తాడు మీద తడి తువ్వాలు. నుదుట పెద్ద బొట్టుతో ఒకావిడ ఫోటో. అప్పుడే నాకు అర్థమైంది. నేను చూశానని ఆయనకూ అర్థమైంది.

"మా అమ్మాయి అంబిగ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉంది," అన్నారు డిక్కీ మూస్తూ. "పద్నాలుగో అంతస్తు. అంత పైన నాకు పడదు. అందుకని పగలు ఇటొచ్చి కూకుంటాను."

"ఇక్కడ గాలి బాగుంటది తాతా," అన్నాను.

ఆ మాటతో ఆ సంగతి ముగిసింది.

నేనెందుకు అడగలేదో చెప్పాలి. తోటల్లో మా వాళ్లు ఉన్న లైను ఇళ్లు కంపెనీవి. పని ఉంటే ఇల్లుంది, పని పోతే ఇల్లు పోయింది. తోటలు మూసేసినప్పుడు ఒక్క నెలలో ఎంతోమంది రోడ్డు మీదికొచ్చారు. మా అవ్వవాళ్లు కూడా. ఆమె ఎప్పుడూ అనేది: "మన వోళ్లని ఇల్లుందా అని అడక్కు. తోట అడుగు." చిన్నప్పటి నుంచి విన్న మాట. యూనివర్సిటీలో నాలుగేళ్లు ప్రశ్నావళి ఎలా తయారు చేయాలో నేర్పారు. ఈ ఒక్క ప్రశ్న నా నోటికి రాలేదు.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు తోసేవాళ్లం. సోమవారం చెట్టు కింద నుంచి అవతలికి, బుధవారం అవతల నుంచి చెట్టు కిందికి. ఆయన నాకంటే ముందే సిద్ధంగా ఉండేవారు, ఆటస్థలం దగ్గరి కొళాయిలో స్నానం చేసి, చొక్కా వేసుకుని. తోటలో ఉదయం హాజరు పిలిచేదాన్ని పెరట్టు అనేవారట. "ఆరింటికే పెరట్టు. ఒక్క నిమిషం దాటినా పేరు కొట్టేసీవోరు. నువ్వు ఏడింటికొస్తన్నావు. మంచి కంగాణీవే." తోయడం అయ్యాక కారు మూత మీద ఒక కాగితం పరిచి, మూలనున్న కొట్లో కట్టించిన ప్లాస్టిక్ సంచీలోని నల్లకాఫీని టిఫిన్ క్యారియర్ గిన్నెల్లో పోసేవారు. నాకొకటి, రాసమ్మ అక్కకొకటి.

"వద్దు తాతా, టైం లేదు లా," అన్నాను. ఇక్కడ ఏ భాషలో మాట్లాడినా మాట చివర లా తగిలిస్తాం.

"మా వాకిట్లోకొచ్చిన పిల్లని ఉత్తినే పంపిత్తానా? తాగు. మీ యేసు సామికి సెప్పు, నాకొక బ్యాటరీ ఇప్పించమని."

"బ్యాటరీ ఇస్తే నన్ను పిలవరు గదా."

"అదీ నిజమే," అన్నారు. నా గిన్నెలో ఇంకాస్త పోసి, "అయితే సెప్పకు," అన్నారు.

రోజూ ఉదయం కారు కింద చీపురు దూర్చి ఊడ్చేవారు. రెండో వారం నుంచి ఆ వీధిలో అన్నిటికంటే శుభ్రంగా ఉన్న చోటు అదే.

మూడో వారం శుక్రవారం ఆఫీసులో విమలన్ అన్న నన్ను పిలిచారు. వదిలేసిన బండ్ల జాబితాలు చూసేది, లాగే లారీలకు పంపేది ఆయనే. మంచి మనిషి, పని ఎక్కువ.

"అబీ, ఈ మెరూన్ సాగా జాబితాలో ఉంది. కొత్త ఫోటోలో రోడ్డుకు అవతల ఉంది. వదిలేసిన బండి రోడ్డు దాటదు గదా. ఎవరిది?"

"ఒక తాతది అన్నా. రోజూ వస్తారు."

"వస్తారా, ఉంటారా?"

నేను ఆ ఫోటో వైపు చూశాను.

"విను. లోపల ఎవరైనా ఉంటుంటే ఆ చివరి గడిలో టిక్కు పెట్టు. టిక్కు ఉంటే లాగేవాళ్లు ముందు నాకు ఫోన్ చేయాలి, వెల్ఫేర్ వాళ్లొచ్చి మాట్లాడేదాకా బండి ముట్టుకోకూడదు. టిక్కు లేకపోతే, ఊడ్చే రోజు తప్పు వైపు కనబడిన నిమిషం లాగేస్తారు లా. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

వెల్ఫేర్ వాళ్లు ఎలా వస్తారో నాకు తెలుసు. ముగ్గురు, మెడలో కార్డులు, చేతిలో ఫారం. కారు తలుపు దగ్గర నిలబడి, తొమ్మిదో నంబరు వాళ్లు గేటులోంచి చూస్తుండగా, మొదటి ప్రశ్నే అడుగుతారు: అంకుల్, మీ ఇల్లెక్కడ?

"ఎవరూ ఉండటం లేదు అన్నా," అన్నాను. "ఆయనకు ఇల్లుంది."

"తప్పు వైపు కనబడకుండా చూస్తావా?"

"చూస్తాను."

నా జీవితంలో ఆఫీసు కాగితం విషయంలో నేను ఆడిన మొదటి అబద్ధం అది. బుధవారం తోయడం అయ్యాక తాతకు చెప్పాను. "ఆఫీసులో అడిగినారు తాతా. మీకు ఇల్లుందని, కార్లో ఎవరూ లేరని సెప్పినాను."

ఆయన స్టీరింగ్ మీద చేయి తీయకుండానే నా వైపు తిరిగారు. "నా కోసం సెప్పినావా?"

"ఉన్నదే సెప్పినాను."

"మంచిది," అన్నారు. "నువ్వు సెప్పినాక అంతే మరి."

నాలుగో వారం గడిచింది. ఐదో వారం బుధవారం నాకు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. వచ్చే సోమవారం సైబర్‌జయలో శిక్షణ. కాగితం జాబితాల బదులు ఫోనులో కొత్త యాప్ వస్తోంది, సూపర్‌వైజర్లందరూ రావాలి, ఆరున్నరకు వ్యాను ఎక్కాలి.

ఆరున్నరకు ఎదుటి వైపు ఖాళీ ఉండదు. ఆదివారం చుట్టాల కార్లతో రెండు వైపులా నిండిపోతాయి, సోమవారం ఏడు దాటాకే చోటు దొరుకుతుంది. ముందుగా తోసి పెట్టే వీలు లేదు.

"సోమవారం నేనుండను తాతా," అన్నాను కాఫీ తాగుతూ. "రాసమ్మ అక్కకి సెప్తాను. ఆమె తోస్తది."

"ఆమెకెందుకు? పాపం, ఆమె పనే ఆమెకి బోలెడు. మా అల్లుడొస్తాడు."

అల్లుడి మాట ఐదు వారాల్లో అదే మొదటిసారి విన్నాను.

"తప్పకుండా వస్తారా తాతా?"

"రాడేటి? ఆదివారమే వస్తానన్నాడు. ఇద్దరం తోసేత్తాం. నువ్వెళ్లి ఆ పోను సదువు సదువుకో."

"సరే తాతా," అన్నాను.

రాసమ్మ అక్కకు చెప్పలేదు. చెప్పాలంటే, అల్లుడు రాడు అక్కా, అల్లుడు లేడేమో అక్కా, అని చెప్పాలి. పెద్దాయన మొహాన అబద్ధం అన్నట్టే. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన చేశాను. అల్లుడు నిజంగా ఉండాలని, సోమవారం నిజంగా రావాలని. అంతకంటే రాసమ్మ అక్కకు ఒక ఫోన్ చేసి ఉండాల్సింది.

సైబర్‌జయలో గది చల్లగా ఉంది. శిక్షణ ఇచ్చిన అమ్మాయి పేరు తనూష, నా వయసే ఉంటుంది. తెర మీద కారు బొమ్మ వచ్చింది. దాని మీద నొక్కితే గడులు తెరుచుకున్నాయి. చక్రాలు, కింద చెత్త, రోడ్ టాక్స్. చివరి గడి: లోపల ఎవరైనా ఉంటున్నారా? "ఈ గడి పూర్తి చేయకుండా యాప్ ముందుకు వెళ్లదు," అంది తనూష. "పాత కాగితాల్లో చాలామంది దీన్ని ఖాళీగా వదిలేస్తున్నారు."

పదిన్నరకు టీకి వదిలినప్పుడు ఫోను తీశాను. రాసమ్మ అక్క మూడుసార్లు చేసింది. ఎనిమిదింటికి, ఎనిమిదిన్నరకు, తొమ్మిదింటికి. నేను తిరిగి చేస్తే ఎత్తలేదు. విమలన్ అన్నకు చేశాను.

"లాగేశారు అబీ," అన్నారు. "గడి ఖాళీ గదా."

సాయంత్రం నేను చేరేసరికి నాలుగైంది. నాలుగో వీధి అద్దంలా ఉంది. రాసమ్మ అక్క పని మూడింటికే అయిపోయింది, అయినా చెట్టు దగ్గర గట్టు మీద కూర్చుని ఉంది. బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది.

"ఏడింటికి కారు పక్కన నిలబడి ఉన్నాడు," అంది. "చొక్కా వేసుకుని, చేతిలో చీపురుతో. తాతా, తొయ్యనా అన్నాను. అల్లుడొస్తున్నాడు అన్నాడు. ఏడుంపావుకు మళ్లీ అడిగితే కోపం వచ్చింది ఆయనకు. సరేలే అని నేను ఐదో వీధికి పోయాను. వచ్చేసరికి లాగే లారీ ఉంది. నీకు ఫోన్ చేశాను."

"ఆయన ఏం చెప్పారు వాళ్లకు?"

"వాళ్లు మర్యాదగానే అడిగారు. అంకుల్, ఈ కారు మీదా అని. కాదన్నాడు."

"కాదన్నారా?"

"కాదన్నాడు. ఇందులో ఎవరైనా ఉంటున్నారా అంటే ఎవరూ లేరన్నాడు. దారిన పోయే మనిషిలాగా పక్కకు జరిగి నిలబడ్డాడు. తొమ్మిదో నంబరు వాళ్లంతా గేటులోంచి చూస్తున్నారు. నేను చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. నీకు పిచ్చా తాతా, నీ సామానంతా అందులో ఉంది, నాదని చెప్పు, నేనూ చెబుతాను అన్నాను." రాసమ్మ అక్క బూట్లలో ఒకదాన్ని తీసి దులిపి మళ్లీ పెట్టింది. "ఏమన్నాడో తెలుసా? ఆ పాప ఆఫీసులో ఎవరూ లేరని చెప్పింది, ఇప్పుడు నేనున్నానంటే దాని ఉద్యోగం ఏమవుతుంది అన్నాడు. ఇంటికి మొదటి డిగ్రీ అంట గదా అన్నాడు."

నేను గట్టు మీద కూర్చున్నాను.

"లారీ పోయాక కారు ఉన్న చోట పూలు," అంది ఆమె. అంగ్సానా చెట్టు ఒకే రోజు విరగబూసి మర్నాటికల్లా అంతా రాల్చేస్తుంది. ఆ తెల్లవారుజామున రాలినట్టున్నాయి. "కారు చుట్టూ, కిందికి కొట్టుకొచ్చి, పసుపు పూలు. నేను చీపురు ఎత్తితే ఆగమన్నాడు. తనే ఊడ్చాడు, మూలమూలా. నా డబ్బాలో ఎత్తాడు. చీపురు చెట్టుకు ఆనించి మెయిన్ రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు."

"సంచీ ఏదైనా ఉందా చేతిలో?"

"కాదన్నాక ఎలా తీసుకుంటాడు? దువ్వెన ఒకటి జేబులో ఉంది."

చీపురు ఇంకా అక్కడే ఉంది. పిడి దగ్గర సైకిలు ట్యూబు ముక్కతో చుట్టి బిగించారు.

మర్నాడు విమలన్ అన్నకు అంతా చెప్పాను. నేను అబద్ధమాడానని కూడా. ఆయన ఆ జాబితా బయటకు తీశారు. తర్వాత గడిలో టిక్కు ఆయనే పెట్టి, కారును తుక్కుకు పంపకుండా ఆపించి, వెల్ఫేర్ వాళ్లకు పేరు ఇచ్చారు. నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది, ఒక పేజీ. ఉద్యోగం పోలేదు. పోయేది కూడా కాదని విమలన్ అన్న చెప్పారు. తాత దేన్ని కాపాడాలని తన కారు తనది కాదన్నారో, దానికి అసలు ప్రమాదమే లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

కార్లుంచే యార్డుకు వెళ్లి సామాను తెచ్చుకున్నాను. దుప్పటి, టిఫిన్ క్యారియర్, మగ్గు, ఫోటో. ఫోటో వెనక తమిళంలో వళ్ళియమ్మై అని, ఒక తేదీ. అన్నీ నా మంచం కింద ఒక డబ్బాలో ఉన్నాయి. కారు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకు ఆఫీసు పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. మూడో డివిజన్, లైను ఇల్లు, నంబరు. నాన్నను అడిగితే, ఆ డివిజన్‌లో ఇప్పుడు వరుసగా కొత్త బంగళాలున్నాయన్నారు. లారీ వెంకటసామి ఎవరో ఆయనకు గుర్తు రాలేదు.

ఆదివారాలు ఆరాధన అయ్యాక రైలెక్కి బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్తున్నాను. పద్నాలుగు అంతస్తులకు తగ్గని భవనాల్లో కాపలావాళ్లను అడుగుతున్నాను. ఇంతవరకు ముగ్గురు అంబిగలు దొరికారు. ఇద్దరి నాన్నలు ఇంట్లోనే ఉన్నారు. మూడో ఆవిడ తలుపు సగమే తెరిచి, ఎవరి కోసమని అడిగింది. చెప్పాను. నీకేమవుతారని అడిగింది. తాత అన్నాను. ఏ వరస తాత అంది. చెప్పలేకపోయాను. ఆమె తలుపు మూసేశాక లిఫ్టు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. మూసిన తలుపు వెనక టీవీ వినబడుతోంది, తమిళంలో.

అక్టోబరు ఇరవయ్యారున వానలు దిగాయి. నాలుగో వీధిలో ఈసారి చుక్క నీరు నిలవలేదు. నివేదికలో, పని సంతృప్తికరం అని రాసి పంపాను. సోమవారాలు ఇప్పుడు ఆ వైపు ఎవరి కారూ తీయించనక్కర్లేదు. అయినా ఏడింటికి ఆ చెట్టు దగ్గరికి వెళ్తున్నాను. రాసమ్మ అక్క కొట్లోంచి కాఫీ రెండు సంచీల్లో కట్టించుకొస్తుంది. నిలబడి తాగుతాం.

మీరు ఎక్కడున్నా, తెల్లచొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, జేబులో దువ్వెనతో, కార్లతోనూ కొళాయిలతోనూ తెలుగు మాట్లాడే పెద్దాయన ఎవరైనా కనబడితే, ముందు ఏ తోట అని అడగండి. మూడో డివిజన్ అంటే ఆయనే. అబిగెయిల్ ఉద్యోగం పోలేదని చెప్పండి. తర్వాత, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు తాతా అని కూడా అడగండి. కోపం వచ్చినా అడగండి. నేను అడగలేదు.

కనబడకపోయినా, ఆయన పేరు వెంకటసామి. లారీ వెంకటసామి అంటారు. నాకు తెలిసినంతలో ఆ పేరు ఇప్పుడు నాకూ రాసమ్మ అక్కకూ ఒక తిరిగొచ్చిన ఉత్తరానికీ తప్ప ఎవరికీ గుర్తు లేదు. మీరు గుర్తుపెట్టుకోండి.